లాగ్‌బుక్‌లో ఎక్కని కిలోమీటర్లు

ఆదివారం పొద్దున హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్ పరిగెత్తి, ఆ రాత్రి కాచిగూడలో రైలెక్కి గుత్తి జంక్షన్‌లో దిగేవాళ్లను గుర్తుపట్టడం కష్టం కాదు. స్టేషన్ వంతెన మెట్లు అందరిలాగే ఎక్కుతారు. దిగేటప్పుడు మాత్రం కమ్మీ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగుతారు. మెట్లు దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువునంతా ఆపాలి. 21 కిలోమీటర్లలో సన్నసన్నగా చిట్లిన పోగులకు ఆ పనే అన్నిటికన్నా బాధ. పరుగు రోజున ఆ నొప్పి అంతగా తెలియదు. రెండో రోజు, మూడో రోజు పెరిగి, వారం తిరిగేసరికి తగ్గిపోతుంది.

స్టేషన్ బయట టీ తాగుతుంటే తెలిసినవాళ్లు ఎదురవుతారు.

"ఎంతలో కొట్టినావన్నా?"

"రెండు గంటల ముప్పై ఒక్క నిమిషం."

"సూపరన్నా!"

అక్కడితో మాట అయిపోతుంది.

నా మొదటి హాఫ్ మారథాన్ గురించి గుత్తిలో నేను చెప్పింది ఆ ఒక్క అంకే. అది అబద్ధం కాదు, సర్టిఫికెట్‌లో ఉన్నదే. కానీ మొదటి 10 కిలోమీటర్లు గంటలో పరిగెత్తాననీ, చివరి 4 కిలోమీటర్లకు 41 నిమిషాలు పట్టిందనీ, ఆ నాలుగూ నడిచే వచ్చాననీ, దారిలో రెండుసార్లు రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాననీ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదేమో. మెడల్ మెడలో ఉండగా వాంతి మాట ఎత్తడానికి మనసొప్పలేదు.

మరుసటి ఏడాది మా వీధి కుర్రాడొకడు నాతో వచ్చాడు. నన్ను చూసే పరుగు మొదలుపెట్టినవాడు. గుత్తి కోట మెట్లు నాకన్నా చురుగ్గా ఎక్కుతాడు. అన్న రెండున్నర గంటల్లో చేశాడంటే తాను రెండు గంటల్లో చేయగలనని లెక్క వేసుకున్నాడు. ఉన్న సమాచారంతో ఎవరైనా అదే లెక్క వేస్తారు. గన్ మోగగానే దూసుకెళ్లాడు. పదిహేనో కిలోమీటరు దాటాక రెండు పిక్కలూ పట్టేసి ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాడు. వాలంటీర్లు వ్యాన్ ఎక్కించారు. తిరుగు రైల్లో పై బెర్తు మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. డోన్ దాటాక నెమ్మదిగా కిందికి దిగి అడిగాడు.

"అన్నా, పోయినసారి నీకు గూడా ఇట్లే అయిందా?"

అయిందన్నాను. మొత్తం చెప్పాను.

"ముందే చెప్పింటే బాగుండు గదన్నా."

వాడు కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనేదో సర్దిచెప్పుకునేవాణ్ణి. నేను దాచుకున్న నాలుగు కిలోమీటర్లు వాడి కాళ్ల మీద పడ్డాయని ఆ రాత్రి నాకు అర్థమైంది. పరుగు ఎలా మొదలుపెట్టాలో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. పరుగయ్యాక ఏం మాట్లాడుకోవాలో చెప్పినవి నాకు కనబడలేదు. అందుకే ఈ అధ్యాయం.

ఇంజిన్ దిగేముందు

గుత్తి రైల్వే ఊరు. లోకో షెడ్డు ఇక్కడుంది. ప్రతి వీధిలోనూ రైల్వే ఇల్లు ఒక్కటైనా ఉంటుంది. మాతో పరిగెత్తే మిత్రుడొకరు లోకో పైలట్. ఆయన దగ్గర నేర్చుకున్న పద్ధతినే మీకు చెబుతున్నాను.

ఇంజిన్‌లో ఒక లాగ్‌బుక్ ఉంటుంది. డ్యూటీ దిగే లోకో పైలట్, దారిలో ఇంజిన్ ఎక్కడ ఏ ఇబ్బంది పెట్టిందో అందులో రాసి దిగుతాడు. తర్వాత ఎక్కేవాళ్లు ముందు అది చూసుకుంటారు. దారిలో సిగ్నల్ కనబడినప్పుడు కూడా లోకో పైలట్, ఆయన అసిస్టెంటు ఇద్దరూ దాని రంగును పైకి చెప్పుకుంటారు. చూసింది మనసులో పెట్టుకుంటే చాలదు, నోటితో చెప్పాలి.

"రాస్తే నామర్దా ఏముంది సార్? రాయకుంటేనే తప్పు. రేపు దాన్ని ఎక్కేది ఇంకొకడు గదా" అన్నాడాయన.

మీ ఒళ్లు మీదే కావచ్చు. మీరు పరిగెత్తిన రోడ్డు మీద మాత్రం వచ్చే ఏడాది మీ ఊరివాడు ఇంకొకడు పరిగెత్తుతాడు. పెద్ద నగరాల్లో కోచ్‌లుంటారు, రన్నింగ్ క్లబ్బులుంటాయి. 2007లో ఏర్పడిన హైదరాబాద్ రన్నర్స్ లాంటి బృందంలో ఏళ్ల తరబడి పరిగెత్తినవాళ్లు కొత్తవాళ్ల పక్కనే ఉంటారు. గుత్తిలోనో, పామిడిలోనో, పత్తికొండలోనో ఒంటరిగా పరిగెత్తేవాడికి ఆ అవకాశం లేదు. వాడికి ఉన్న కోచ్ ముందు వెళ్లివచ్చినవాడి మాటే. ఆ మాట సగమే చెబితే వాడికి సగం కోచింగే దక్కుతుంది.

కాబట్టి పరుగు పూర్తయిన రోజు రాత్రి నిద్రపోయేలోపు రాయండి. రైల్లోనే రాయండి. ఎలియుడ్ కిప్‌చోగే తెలుసు కదా, 2019 అక్టోబరు 12న వియన్నాలో 42.195 కిలోమీటర్లను 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరిగెత్తిన కెన్యా వీరుడు. ఆయన కూడా తన శిక్షణ వివరాలను చేత్తో నోటుపుస్తకాల్లో రాసుకుంటాడు. నిద్ర లేచేసరికి మన జ్ఞాపకం కథ అల్లడం మొదలుపెడుతుంది. నడిచిన నాలుగు కిలోమీటర్లు రెండవుతాయి. వారం గడిస్తే "చివర్లో కొంచెం నెమ్మదించాను" అన్న ఒక్క ముక్కే మిగులుతుంది.

ఏం రాయాలి? గర్వం, బాధ, ఆనందం తర్వాత రాసుకోవచ్చు. ముందు జరిగినవి రాయండి. ఎన్ని గంటలకు నిద్ర లేచారు, ఏం తిన్నారు, ఎక్కడెక్కడ నీళ్లు తాగారు, ఎంత తాగారు, ఏ కిలోమీటరు దగ్గర ఒళ్లు మారింది, బూటు ఎక్కడ కరిచింది, తొడలు ఎక్కడ ఒరుసుకున్నాయి. తర్వాత ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ అధ్యాయంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఫరవాలేదు, ఇది గుర్తుంచుకోండి: ఒళ్లు మారడానికి మూడు నాలుగు కిలోమీటర్ల ముందు నేనేం చేశాను?

దూరం పరుగులో తప్పు జరిగిన చోట నొప్పి పుట్టదు. నేను పదిహేడో కిలోమీటరు దగ్గర కూలబడ్డాను కాబట్టి అక్కడే ఏదో జరిగిందని చాలాకాలం అనుకున్నాను. రాసి చూసుకుంటే తెలిసింది, అప్పటికి ఎనిమిదో కిలోమీటరు నుంచే నా కడుపు బరువెక్కుతోంది. దానికి కారణం నాకు ఆ రోజు తెలియలేదు. ఒక టీచరమ్మ చెప్పాక తెలిసింది.

పారబోయలేని గ్లాసు

ఆ కుర్రాడు రోడ్డు పక్కన కూర్చుండిపోయిన ఏడాది నుంచే మేమొక పద్ధతి పెట్టుకున్నాం. హైదరాబాద్ వెళ్లివచ్చిన తర్వాతి ఆదివారం కోట కింద కలుస్తాం. ఉగ్గాని, మిరపకాయ బజ్జి తెప్పించుకుంటాం. టైమ్ మాట ఎవరూ ఎత్తకూడదు.

మొదటిసారి నోరు విప్పడానికి అందరూ వెనకాడారు. నేనే మొదలుపెట్టాలనుకుని వాంతి సంగతి చెప్పాను. లోకో పైలట్ తన కడుపు కూడా నిండిపోయి బరువెక్కిందన్నాడు. అప్పుడు గుంతకల్లు నుంచి వచ్చే టీచరమ్మ మాట్లాడింది.

"సార్, నాకూ డోకొచ్చింది. ప్రతి స్టాల్ దగ్గరా పెద్ద గ్లాసు నిండా ఇచ్చినారు. రెండు గుక్కలు తాగి పారబోద్దామంటే చెయ్యి రాలేదు. మా అమ్మ వాళ్లూర్లో ఇప్పటికీ ట్యాంకర్ వస్తేనే నీళ్లు. అట్లాంటిది రోడ్డు మీద ఎట్ల పోసేది? తాగేసినా."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కరం ఒప్పుకున్నాం. అందరమూ అదే చేశాం. మా చుట్టూ పరిగెత్తేవాళ్లు రెండు గుక్కలు తాగి గ్లాసు విసిరేసి పోతుంటే, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లా నుంచి వచ్చిన మేము, ఇచ్చిన ప్రతి గ్లాసునూ అడుగుదాకా తాగాం. చిన్నప్పటి నుంచి బిందె లెక్కన నీళ్లు చూసుకున్న చెయ్యి పరుగులో మారిపోదు. "దారిలో నీళ్లు తాగండి" అని రాసే పుస్తకాలకు ఈ సంగతి తెలియదు. ఏ కోచ్ అయినా ఎన్నేళ్లు ఆలోచించినా ఇది ఊహించలేడు. అక్కడికి వెళ్లివచ్చిన సీమ మనిషి నోరు తెరిచి చెబితేనే తెలుస్తుంది.

ఎక్కువ నీళ్లు ఎందుకు చెడ్డవో కూడా చెబుతాను. గట్టిగా పరిగెత్తేటప్పుడు రక్తం ఎక్కువగా కాళ్లకూ చర్మానికీ మళ్లుతుంది, కడుపుకు తక్కువ అందుతుంది. అవసరానికి మించి తాగినవి అక్కడే నిలబడిపోయి డోకు తెప్పిస్తాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. గంటల తరబడి అదేపనిగా తాగుతుంటే రక్తంలో ఉప్పు, అంటే సోడియం, పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పూర్తి దూరం పరిగెత్తిన 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉంది. 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ వివరాలు అచ్చయ్యాయి. పరుగు మొదట్లో కన్నా చివర్లో బరువు పెరిగినవాళ్లలోనే ఆ ముప్పు ఎక్కువ కనబడింది. పరిగెత్తి బరువు పెరిగారంటే, చెమట రూపంలో పోయినదానికన్నా ఎక్కువ తాగారన్న మాట. సోడియం మరీ పడిపోతే తలనొప్పి, తికమక, ఫిట్స్ దాకా వెళ్తుంది.

అలాగని నీళ్లు మానేయమని కాదు. దాహం మేరకు తాగాలి. మీ చెమట లెక్క మీకు తెలియడానికి సులువైన దారి ఉంది. గంటసేపు పరిగెత్తే ముందు, తర్వాత, తడి బట్టలు విడిచి తూకం చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. మధ్యలో తాగింది ఉంటే దాన్ని కలుపుకోండి. ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి చూసుకుంటే చాలు. మా టీచరమ్మ ఇప్పుడు పావు లీటరు బాటిల్ ఒకటి చేత్తో పట్టుకుని పరిగెత్తుతుంది. అవసరమైన చోటే నింపించుకుంటుంది. మిగతావాళ్లం ఇద్దరికి ఒక గ్లాసు తీసుకుంటాం, మిగిలితే మెడ మీద పోసుకుంటాం. ఒంటి మీద పోసుకున్న నీళ్లు వృథా కాలేదన్న భావంతో చెయ్యి ఒప్పుకుంటుంది. చిన్న ఉపాయమే. ఆ తర్వాత మాలో ఎవరికీ దారిలో వాంతి కాలేదు.

పొడిగాలి నేర్పని పాఠం

అదే కూడికలో ఇంకో సంగతి బయటపడింది. ఆగస్టులో గుత్తి మీద గాలి ఎడతెరిపి లేకుండా వీస్తుంది. ఉరవకొండ వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలికి చెమట పట్టినది పట్టినట్టే ఆరిపోతుంది. ఇంటికొచ్చి చొక్కా విడిస్తే వీపు మీద తెల్లటి ఉప్పు గీతలుంటాయి తప్ప తడి ఉండదు. ఆరే చెమటే ఒంటిని చల్లబరుస్తుంది. హైదరాబాద్ మారథాన్ 2011 నుంచీ ఎక్కువగా ఆగస్టు చివర్లోనే జరుగుతూ వచ్చింది. వాన ముసురు మధ్య ఉదయం ఎండ లేదు కాబట్టి హాయిగా ఉంటుందని మనం అనుకుంటాం. గాల్లో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు చెమట ఆరదు, కారుతుంది. కారిపోయిన చెమట ఒంటి వేడి తీసుకెళ్లదు. అదే వేగానికి గుండె మరింత కష్టపడుతుంది. గుత్తిలో ఎండకు ఓర్చినవాణ్ణి, మబ్బు పట్టిన హైదరాబాద్ నాకేం లెక్క అనుకున్నాను. ఆ ధీమాతోనే మొదటి 10 కిలోమీటర్లూ గంటలో కొట్టాను.

మీరూ పొడి ప్రాంతం నుంచి వెళ్తుంటే మొదటి 5 కిలోమీటర్లు, కిలోమీటరుకు 20 నుంచి 30 సెకన్లు ఎక్కువ తీసుకుని నెమ్మదిగా పరిగెత్తండి. పక్కవాళ్లు దాటిపోతుంటే పోనివ్వండి. హైదరాబాద్ హాఫ్ మారథాన్ దారి ఏటా కొంచెం మారినా, ఇటీవలి ఏళ్లలో నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తోంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున చదునుగా ఉండి ఊరిస్తుంది. ఫ్లైఓవర్లూ, జూబ్లీహిల్స్ వైపు ఎత్తూ ఆ తర్వాత వస్తాయి. ఒడ్డున ఖర్చుపెట్టేసినవాడికి ఎత్తు దగ్గర చేతిలో ఏమీ మిగలదు. మా కుర్రాడికి జరిగింది ఇదే.

ఎత్తు అంటే మా గుత్తివాళ్లకు భయం లేదు. ఒకప్పుడు మరాఠా నాయకుడు మురారిరావు ఘోర్పడే ఏలిన కోట మాకు రోజూ ఎదురుగా ఉంటుంది. వారానికి రెండుసార్లు ఆ కొండ ఎక్కుతాం. కానీ ఎక్కడం గురించే మాట్లాడుకునేవాళ్లం, సరదాగా కబుర్లాడుతూ ఆగి ఆగి దిగేవాళ్లం. లోకో పైలట్ తన పుస్తకంలో రాసుకున్న ముక్క మా కళ్లు తెరిపించింది: ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు తొడలు పోయాయి. స్టేషన్ వంతెన మీద మమ్మల్ని ఏడిపించిన కండరాలే అవి. ఇప్పుడు కోట దిగడం కూడా శిక్షణే. చిన్న అడుగులు, మోకాలు కొద్దిగా మడిచి, ఆగకుండా దిగాలి. మెట్లు తడిగా ఉంటే మాత్రం వద్దు. ఆ రాళ్లు జారుతాయి.

చివర్లో వచ్చినవాళ్ల మాట

ఇలా కూర్చున్నప్పుడు ముందు వేగంగా పరిగెత్తినవాడు మాట్లాడతాడు, అందరూ వింటారు. మీ కూడికలో ఆ వరస మార్చండి. చివర్లో వచ్చినవాళ్లతో, మధ్యలో ఆగిపోయినవాళ్లతో మొదలుపెట్టండి. రోడ్డు మీద ఎక్కువసేపు ఉన్నది వాళ్లు. నీళ్ల స్టాల్‌లో గ్లాసులు అయిపోవడం, ట్రాఫిక్ మళ్లీ వదలడం, ఎండ ఎక్కడం వాళ్లకే తెలుసు. మొదటిసారి వెళ్లేవాడు ఎక్కువగా వాళ్లతోపాటే ఉంటాడు కాబట్టి వాడికి పనికొచ్చే సమాచారం కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఆడవాళ్లున్నచోట ముందు వాళ్లను చెప్పనివ్వండి. మా టీచరమ్మ ఎడమ మోకాలు నొప్పి గురించి రెండేళ్లు నోరు మెదపలేదు. చీకట్లో వీధుల్లో పరిగెత్తలేక, ఆమె శిక్షణంతా గ్రౌండ్‌లోనే. 400 మీటర్ల ట్రాక్ మీద 21 కిలోమీటర్లంటే 52 రౌండ్లు దాటుతాయి. అన్నీ ఒకే వైపు తిరిగితే లోపలి కాలు మీద భారం పడుతుంది. సగం రౌండ్లు ఎదురు దిశలో తిరగమని ఒకరన్నారు. రెండు నెలల్లో నొప్పి తగ్గింది. మగవాళ్ల మాటలు ముగిసేదాకా ఆమె వంతు రాకపోవడం వల్ల పోయిన రెండేళ్లవి.

ఒక్క విషయంలో మాత్రం వచ్చే ఆదివారం దాకా ఆగకూడదు. పరుగులో గుండెలో పట్టేసినట్టు ఉన్నా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, కళ్లు బైర్లు కమ్మినా, అది కథ చెప్పుకోవడానికి దాచుకునే సంగతి కాదు. అక్కడికక్కడే ఆగి వైద్య శిబిరంలో చెప్పాలి. 2000 నుంచి 2010 దాకా అమెరికాలో మారథాన్లు, హాఫ్ మారథాన్లు పరిగెత్తిన 1 కోటి 9 లక్షల మందిలో 59 మందికి గుండె ఆగింది. వారిలో 42 మంది చనిపోయారు. కోటి మందిలో ఆ సంఖ్య చాలా చిన్నది, పరుగు మానేయడానికి అది కారణం కాదు. కానీ "పట్టేసింది, అయినా పళ్లు బిగించి పూర్తి చేశాను" అని ఎవరైనా చెబితే చప్పట్లు కొట్టకండి. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నావని అడగండి.

మా కుర్రాడు మళ్లీ వెళ్లాడు. వెళ్లేముందు మా నలుగురి నోటుపుస్తకాలూ తీసుకెళ్లి చదువుకున్నాడు. తనెంతలో పూర్తి చేశాడో నేనిక్కడ రాయను. పూర్తి చేశాడు. ఆ ఆదివారం కోట కింద మొదట మాట్లాడింది వాడే. పదమూడో కిలోమీటరు దగ్గర ఎడమ బూటు లేసు వదులైతే ఆగి కట్టుకోలేదని, అందుకే గోరు నల్లబడిందని చెప్పి, బూటు విప్పి కాలు చూపించాడు.

మీరు ఈ మధ్య ఎక్కడైనా పరిగెత్తి ఉంటే, 5 కిలోమీటర్లయినా సరే, ఈ పుస్తకం పక్కన పెట్టి ఒక నోటుపుస్తకం తీయండి. టైమ్ రాయకండి. ఎక్కడ నడిచారో రాయండి. రాసింది మీ ఊళ్లో మీ తర్వాత పరిగెత్తబోయేవాళ్లలో ఒక్కరికైనా ఈ వారంలోనే చదివి వినిపించండి.